పాత సున్నా

నాయకులు నెట్‌లో పెట్టే మాటలకు మర్యాద మార్కులు వేసే ఆఫీసు అది. తనిఖీ చేసే అతను వచ్చి, మార్కులు వేసే ఒకామె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“అక్కా, ఈ పోస్టుకి పదికి ఏడు వేశావేంటి?”

“బూతుల్లేవు, అవతలివాడి ఇంట్లో ఆడవాళ్ళ జోలికి పోలేదు. ఈ రోజుల్లో అదే పదివేలు.”

“పురుగులా నలిపేస్తానన్నాడుగా?”

“అంతేగా! పొద్దుట్నుంచీ చదివినవాటిలో ఇదే పెద్దమనిషి మాట.”

“ఇది కొత్తది కాదక్కా. మీ అందరి మార్కులు నిలకడగా ఉన్నాయో లేదో చూద్దామని నాలుగేళ్ళనాటిది కలిపాను. అప్పుడు దీనికి సున్నా వేశావు. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు నువ్వు.”

“నేనా?”

“నువ్వే.”

“అయితే ఈ ఏడు కొట్టెయ్ తమ్ముడూ.”

“అందరూ ఏడే వేశారక్కా. పైవాళ్ళు నీ పాత సున్నానే ఏడుగా దిద్దమన్నారు.”