తాతయ్య చేతి చుక్కలు

“అమ్మమ్మా, ఆపరేషన్ అయిపోయాక మళ్ళీ కంట్లో సూది ఎందుకు పెట్టారు?”

ఎందుకంటే ఏం చెప్పనే... తప్పు నాదే. నాదంటే, మీ తాతయ్యది కూడా కొంచెం. కాదులే, నాదే.

కంట్లో ప్రెషర్ పెరిగే ఆ నీటికాసుల జబ్బుతో ఎడమ కన్ను ముందే పోయిందా. మా అమ్మకీ అదే జబ్బు, ఆవిడకి రెండూ పోయాయి, గోడ పట్టుకుని తిరిగేది పాపం. నాకు మిగిలింది ఈ కుడి కన్నే. దాంట్లోనూ ప్రెషర్ పెరుగుతోందని బ్రాడీపేటలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. పైరెప్ప కింద చిన్న దారి చేసిందట, కంట్లో నీరు అందులోంచి పోవాలి. ఆ దారి పూడకుండా రోజూ చుక్కల మందు వేసుకోమంది.

వేసేది మీ తాతయ్య. అప్పుడేమో మిరపకోతలు. పొద్దస్తమానం కల్లంలో కాయలు తిరగేసి, తాలుకాయలు ఏరి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని వేసేవాడు. సబ్బుతోనేనే, రెండేసి సార్లు. అయినా ఆ ఘాటు వదుల్తుందా, నీకు తెలుసుగా. రెప్ప ఎత్తగానే భగ్గుమనేది. ముందు మందే మండుతుందనుకున్నా. వారం... కాదు, పది రోజులకి తెలిసింది అది ఆయన చేతి మంటని. చెబుదామంటే నోరు రాలా. అంత ఓపిగ్గా తల నిమిరి వేసేవాడు మరి. “నేనే వేసుకుంటాలే” అన్నా. నాకేమో సరిగ్గా పడేవి కావు, విసుగొచ్చి సగం రోజులు మానేశా. మొండిదాన్నిలే.

ఇంకేముంది, మళ్ళీ వెళ్ళేసరికి దారి పూడుకుపోయింది, ప్రెషర్ పెరిగింది. “మామూలు గాయమైతే మానాలమ్మా, ఇది మానకూడదు. చుక్కలు వేశారా?” అంది డాక్టరమ్మ. ఉన్న ఒక్క కన్నూ పోతుందేమోనని భయమేసి, ఆయన ముందే నిజం చెప్పేశా. ఆయన తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. సూది కంటే అదే నాకు ఎక్కువ నొప్పెట్టింది.

సూది పని పది నిమిషాలు కూడా పట్టలా. మొద్దుబారే చుక్కలు వేసి, సన్నటి సూదితో ఆ పూడిక విడదీసి, మళ్ళీ మూసుకోకుండా ఇంజెక్షన్ చేసింది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడితే చాలంది. నిలబడింది తల్లీ.

ఆ రోజు నుంచీ చుక్కలు మళ్ళీ ఆయనే వేస్తున్నాడు, మిరపకాయ మాత్రం ముట్టలా. కల్లం మీ మామయ్యకి అప్పజెప్పాడు. ఆవకాయన్నం కూడా చెంచాతో కలుపుకుంటున్నాడు. పెళ్ళి భోజనాల్లో అందరూ నవ్వుతారు, నవ్వనీ అంటాడు. నాకైతే నవ్వు రాదే, ఏడుపొస్తుంది.

నువ్వూ కళ్ళు చూపించుకో, ఇది మనింట్లో వచ్చే జబ్బు. రేపు నీకూ ఒకడొస్తాడుగా, ఎక్కడ మండుతుందో వాడికి చెప్పు, దాచుకోకు. చల్లగా ఉండమ్మా. ఏదీ, ఇలా వెలుగులోకి తిరుగు... ఇంకొంచెం... ఆ, కనిపిస్తున్నావు.