చిక్కుడు గింజల పాఠం

ఊకొట్టేవారు కాస్త దగ్గరగా జరగండి. ఇది ఒకే గొంతు వినిపించే కథ. బొగొతా పట్నానికి రెండు రోజుల గుర్రపుదారి దూరంలో, ఆడపిల్లలను పంతులమ్మలుగా తీర్చే బడి ఒకటుండేది. దాని పెద్ద పంతులమ్మ దోన్యా ఎర్మెలిందా, దోన్యా అంటే వాళ్ళ భాషలో అమ్మగారు, దెబ్బ లేకుండా చదువు చెప్పే విద్య నేర్పేది. ఒకనాటి మధ్యాహ్నం ఆమె, మాదిరి పాఠానికి ఊళ్ళోంచి వచ్చిన ఏడేళ్ళ పిల్లను వంటగదిలో తన ఎదుట కూర్చోబెట్టుకుని ఇలా అన్నది:

అట్లా చెయ్యి వెనక దాచుకుంటే ఎట్లాగే? చూపించు. అయ్యో, ఎంత వాచిపోయింది! ఈ తడిగుడ్డ పట్టుకో. బెల్లం నీళ్ళు తాగు, చల్లారిపోతున్నాయి.

నన్ను చూస్తే భయం కదూ? నాకూ భయంగానే ఉంది తల్లీ. నీకంటే ఎక్కువ.

ఈ ఊరి పిల్లల అరచేతులు వాయించిన చెక్కబద్దలన్నీ ఇదుగో, ఈ పొయ్యిలోనే కాల్పించాను, తెలుసా? "పిల్లలు దయ్యాలైపోతారమ్మా" అని పాద్రిగారు దెప్పిపొడిచినా వినలేదు. ఎనిమిదేళ్ళు! ఎనిమిదేళ్ళు ఆగిన చెయ్యి, ఇవాళ పంతులమ్మలు కాబోయే ఇరవైమంది అమ్మాయిల ముందు, లెక్కపాఠంలో నువ్వు చిక్కుడు గింజలు దొర్లించి నవ్వావని గీతలు గీసే రూళ్ళకర్ర ఎత్తింది.

నేను పాఠం చెబుతుంటే తప్పులు వెతికి రాయడమే ఆ అమ్మాయిల పని. "నన్నూ వదలొద్దు" అని నేనే చెప్పాను. పాఠం కాగానే వాళ్ళ పుస్తకాలు తిరగేశాను. ఏం రాశారనుకున్నావు? దోన్యాగారు తప్పు చేశారనా? ఒక్కతీ రాయలేదే! అందరిలోకీ చురుకైనది, ఆ రొసౌరా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "ఒక్క దెబ్బ. తరగతి వెంటనే నిశ్శబ్దం. గుర్తుంచుకోవాలి."

రేపు పొద్దున్నే కంచరగాడిదలెక్కి ఇరవైమందీ ఇరవై ఊళ్ళకు పంతులమ్మలుగా పోతారు. ఒక్కో ఊళ్ళో ఇంతింత చిన్ని చేతులు ఎన్నుంటాయి?

ఇంకొకటి చెప్పనా? ఎవరికీ చెప్పకు. ఆ నిశ్శబ్దం... నాకూ బాగుంది. ఒక్క క్షణమే. కానీ ఎంత బాగుందనీ!

అందుకే, ఇప్పుడే వాళ్ళ దగ్గరికి పోదాం. నీ చెయ్యి చూపించి, తప్పు నాదని చెబుతాను. నవ్వితే నన్ను చూసి నవ్వుతారు, నిన్ను కాదు. వస్తావా? లే మరి. ఇటివ్వు చెయ్యి.

అదేమిటే? అరచెయ్యి అట్లా చాపి కళ్ళు మూసుకున్నావేం? రెండో చెయ్యి కూడానా? కొట్టనమ్మా! పట్టుకుని నడవడానికి అడిగాను. కళ్ళు తెరు... ఎట్లా చెబితే నమ్ముతావే, కొట్టను!

ఈ కథ నాకు మొదట చెప్పినది మా నాయనమ్మ కుస్తోదియా. ఆ వంటగదిలో కళ్ళు మూసుకున్నది ఆమే.