సంతకాలైనాక అడిగిన మాట

"అవ్వా, ఈ ఇల్లు మీరే కొంటాండామని అంటిరి గదా. మళ్ళీ ఏమాయె?"

ఏమాయె అంటే ఏం సెప్పేది తల్లీ. కూసో. ఆ సెల్లు గూట్లో పెట్టు, ఈడ నేను కండెలు సుడతాంటే పట్టుదారం దానికి తగులుకుంటాది. పక్కింటి పిల్లవి, నువ్వు అడిగితివి కాబట్టి సెప్తాండా, ఇంగెవురన్నా అయితే ఇంత దూరం సెప్పను.

మదనపల్లిలో ఇన్నేండ్లుగా మగ్గం నేసి బతికినోళ్ళం గదా, మాకు ఇల్లంటే మగ్గానికి జాగా. మనుషులం యాడన్నా పండుకుంటాం. మగ్గం కింద కాళ్ళు పెట్టి తొక్కేదానికి గుంత తవ్వల్ల, వానొస్తే ఆ గుంతలో నీళ్ళు ఊరకూడదు. గుంత తవ్వుతామంటేనే బాడుగింటోళ్ళు మొగం తిప్పుకుంటారు. టకటకా అని సప్పుడంటారు. ఖాళీ సేసిన పొద్దు దాన్ని పూడ్సి, పైన గచ్చు వేయించి మరీ ఇయ్యల్ల. నా పెండ్లయినకాడి నుంచి ఎన్ని ఇండ్లు మారినామో! పుంగనూర్లో మా పెద్దక్క ఉండాదే, ఆమె ఎగతాళి సేసేది, "మీరు సామాన్లు కాదే, గుంతలు మోసకపోతాండారు" అని. అప్పుడు బాడుగ పది రూపాయలు. పదో, పన్నెండో... పన్నెండే, రెండు కరెంటుకి. సరే, ఆ మాట యాలలే ఇప్పుడు.

ఈ ఇంటి ఓనరు ఒగ రిటైరైన అయ్యవారు. మంచోడే, తప్పు సెప్పకూడదు. ఒళ్ళు బాగలేక ఆస్పత్రి ఖర్సులకని ఇల్లు అమ్మాలనుకున్నాడు. "ఎవురికో ఇచ్చేదాని కంటే మీరే తీసుకోండి, ఆ గుంత ఆడనే ఉంటాది" అన్నాడు. ఆ పొద్దు మీ తాత మొగం సూడల్ల నువ్వు! నా కమ్మలు, కోడలి గాజులు అమ్మి అడ్వాన్సు ఇచ్చినాము. ఉగాది లోపల మిగతాది కట్టి రిజిస్టరు సేసుకోవల్ల, లేకుంటే అడ్వాన్సు వెనక్కి రాదు. అట్ల అగ్రిమెంటు.

బ్యాంకులకి పోతే మా అబ్బోడి స్కోరు బాగలేదన్నారు. కరోనా వచ్చినప్పుడు మగ్గం ఆగిపోయె గదా, బండి లోనుకి కంతులు తప్పినాయి. తర్వాత వడ్డీతో సహా అంతా కట్టేసినాడమ్మా. కట్టినా కంప్యూటర్లో ఆ మరక పోదంట. పట్టు మీద మరకైనా పోగొట్టినాను గానీ దీనికి ఏ మందూ లేదు.

అప్పుడొచ్చినాడు ఒగ ప్రైవేటు ఫైనాన్సోడు. సన్నగా, బూట్లేసుకోని, నోరు తీపి. "స్కోరు తక్కువైనా మేముండాం తాతా" అన్నాడు. ముందు అర్జీ పెట్టేదానికి లాగిన్ ఫీజు కట్టండి అన్నాడు. మళ్ళీ లీగల్ ఫీజన్నాడు. ఇంకొగడు వచ్చి గోడలకీ గుంతకీ ఫోటోలు తీసుకోని పోయినాడు, దానికొగ ఫీజు.

మా కోడలు సుజాత తెలుసు గదా నీకు, కుప్పం పిల్ల, వాళ్ళ నాయన గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషు పట్టేది. ఇంటరు సదివింది. మొదటి పొద్దే అడిగింది.

"అన్నా, లోను రాకపోతే ఈ లాగిన్ ఫీజు వెనక్కిస్తారా?"

"అది కంపెనీ రూలక్కా."

"కాయితాలు సూసేది మీ లాయరు, సూసుకునేది మీ కోసం. మేమెందుకు కట్టల్ల? మొత్తం మీద ఎంత పట్టుకుంటారో ఒగ కాయితంలో రాసియ్యి, అప్పుడు కడతాం."

వాడు నవ్వినాడు. "అక్క కోర్టులో ఉండాల్సింది!"

మీ తాత అడ్డం పడినాడు. "సుజాతా, గమ్మునుండుమ్మా. ముందే అడగకూడదు" అని.

యాల అంటావా? మా పని అట్లాంటిది. సావుకారు పడుగు దారమిస్తాడు, మనం నేస్తాం, సీర కోసి ఎత్తకపోయి ఇస్తాం. ఆయన వెలుగులో పట్టి సూసి, ఈడ మరక, ఆడ పోగు తెగింది అని కూలీలో పట్టుకుంటాడు. అప్పుడు నోరు తెరవకూడదు. సీర ఆయన సేతిలో పెట్టేసి, కాఫీ ఇస్తే తాగి, వచ్చే పడుగు మాట మాట్లాడుకోని, లేసి వచ్చేటప్పుడు భుజం మీది టవలు తీసి, "ఏందప్పా, ఈసారి రొంత ఎక్కువ పట్టుకున్నట్టుండారే" అనల్ల. ఆయనా సిగ్గుపడి రొంత వెనక్కిస్తాడు. ముందే అడిగితే ఆయన మీద నమ్మకం లేదన్నట్టు, ఇంగ పడుగు రాదు. మీ తాత బతుకంతా అట్లనే జరిగింది. ఫైనాన్సోడూ ఒగ సావుకారే అనుకున్నాడు పిచ్చి మనిషి.

ఉగాది ముందర పొద్దు రిజిస్ట్రారాఫీసుకి పోయినాము. అయ్యవారు దుప్పటి కప్పుకోని ఆటోలో వచ్చినాడు పాపం. లోను కాయితాల మీద సంతకాలన్నీ అయినాక ఆ ఫైనాన్సోడు చెక్కు తీసినాడు. సుజాత సూసి, "ఇదేంది, తక్కువుండాది?" అనింది. ప్రాసెసింగు ఫీజంట, అందులోనే పట్టేసినారు. మా అబ్బోడి పేరు మీద ఇన్సూరెన్సంట, మేమడగనిది, అదీ పట్టేసినారు. అయ్యవారికి ఇయ్యాల్సింది సాలదు.

అప్పుడు మీ తాత లేసినాడు. టవలు తీసి సేతిలో పట్టుకోని, మెల్లగా, "ఏం నాయనా, రొంత ఎక్కువ పట్టుకున్నట్టుండారే" అన్నాడు.

వాడు సెల్లు మీద నుంచి తల కూడా ఎత్తలేదు. "సంతకాలు పెట్టినారు గదా తాతా. అన్నీ అందులోనే ఉండాయి."

మీ తాత అట్లనే నిలబడినాడమ్మా. ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు రొంత తగ్గిస్తానంటాడు అని సూస్తాండాడు. సుజాత తట్టుకోలేక పోయింది.

"ఇన్సూరెన్సు కావల్లని ఎవురడిగినారు? యాడ రాసుండాది, సూపియ్యి!"

"అక్కా, మీ స్కోరుకి ఇంగెవురిస్తారు సెప్పు? ఇష్టముంటే తీసుకోండి, లేదంటే క్యాన్సిలు."

"స్కోరు తక్కువుంటే అడిగే హక్కు కూడా తక్కువైతాదా?"

ఆఫీసంతా తిరిగి సూసింది. వాడు మళ్ళీ సెల్లు సూసుకుంటాండాడు. మా అబ్బోడు సావుకారు కాడికి పరిగెత్తినాడు, "కూలీ మీద నేనిచ్చిన అడ్వాన్సే ఇంకా తీరలేదు గదప్పా" అన్నాడంట ఆయన. పుంగనూరు అక్కకి ఫోన్ సేస్తే ఏడ్సింది, ఆమె కాడ యాడుండాది. ఆఫీసు మూసేదాకా కూసున్నాడు అయ్యవారు. "నేనేం సేసేదమ్మా, ఆస్పత్రిలో కట్టల్ల" అని లేసి పోయినాడు. ఇల్లు టమోటా మండీ ఆయన కొన్నాడు. పెట్టెలు పెట్టుకునేదానికంట. అడ్వాన్సు పాయె, ఫీజులన్నీ పాయె, చెక్కు వాడే ఎత్తకపోయె.

"కంప్లైంటు ఇద్దాం అవ్వా."

సుజాత ఇచ్చింది తల్లీ. సెల్లులోనే ఏందో పంపింది. మీరు సంతకం పెట్టినారు అని ఇంగ్లీషులో జవాబొచ్చింది. అంతే.

మా అబ్బోడూ సుజాతా కుప్పం పోయినారు, వాళ్ళ నాయన పని సేసే సోటికే. పట్టు పట్టిన సేతులు, ఇప్పుడు రాయి పట్టుకున్నాయి. పోయే పొద్దు ఆ పిల్ల మామ కాళ్ళకి దండం పెట్టింది. ఆయన పోయి మగ్గం మీద కూసున్నాడు. సంతోషంగా పొమ్మనీ అనలా, ఉండిపొమ్మనీ అనలా. ఆ పొద్దు నుంచి నాతోనూ మాట్లాడడు. లోపల మగ్గం మీద కూసోని ఉంటాడు, కాళ్ళు గుంతలో, పేక దారం తోసే నాడె సేతిలో. నెయ్యడు. నెలాఖరుకి ఖాళీ సేయమన్నారు. యాడికి పోతామని అడిగితే, అదీ సెప్పడు. నేను కండెలు సుడతానే ఉండాను. ఎవురికి సుడతాండానో నాకే తెలీదు.

పొద్దు పోయింది, ఇంగ పో తల్లీ, మీ అమ్మ ఎదురు సూస్తాంటాది. నువ్వు సల్లగుండల్ల. దేవుడు నీకు అడిగే నోరియ్యల్ల, అడిగితే బదులు సెప్పే మనుషులనీ ఇయ్యల్ల. మా సుజాతకి నోరిచ్చినాడు గానీ...

ఉండు ఉండు, మీ తాత పిలుస్తాండాడు.

...లేదులే. పిలిసినట్టనిపించింది.