మెత్తదా, గట్టిదా

పంటలు పాడుచేసే అడవిపందులను సర్కారు అనుమతితో కాల్చే షూటర్ కిషన్ రావు. చిక్కడపల్లిలో ఆయన ఇంటి ముందుగది. మూడేళ్లుగా ఆ ఇంటి మేడ మీది గదిలో ఉంటూ పరీక్షలకు చదువుతున్న నాగేందర్, సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని కిందికి దిగి వచ్చాడు. కిషన్ రావు భార్య విద్యావతి వంటింట్లో ఉంది.

"అంటే సార్, రెండూ ఒక్క రైఫిల్లకెల్లే పోతయి గని..."

"పోతయి బిడ్డా. రైఫిల్ అదే, మందు అదే. కథంత గుండు మూతిల ఉంది. మెత్త మూతి దానికి ముందట సీసం తేలి ఉంటది. ఒంట్లకు పోంగనే మందారం పువ్వు తీరు ఇచ్చుకుంటది. గట్టి మూతి దానికి కొస నుంచి రాగి అంగి తొడిగి ఉంటది. అది ఇచ్చుకోదు, పగలదు. పోతనే ఉంటది. రాసుకున్నవా?"

"రాస్తున్న సార్."

"అశోక్‌నగర్ల మీ కోచింగ్ సార్లకు ఇవన్ని ఏం తెలుసు? పులి కాలికి ఎన్ని గోర్లుంటయో చెప్తరు, అంతే. నిజంగ రేంజర్ పరీక్షల ఇది అడుగుతరార?"

"అడుగుతరంట సార్. పందికి ఏది మంచిది?"

"మెత్తదే. ఇంకో మాట లేదు. మగపందికి జబ్బ మీద తోలు కింద ఇంత మందం పలక ఉంటది. కత్తి దిగదు దానికి. మెత్తది ఆ పలకను చీల్చుకోని పోయి లోపల ఇచ్చుకుంటది. ఉన్న జోరంత అక్కడ్నే ఖర్చయిపోతది. గుండు అండ్లనే ఉంటది, పంది ఉన్నకాడ్నే కూలుతది."

"గట్టిది ఏస్తే?"

"దాటిపోతది. పంది అర ఫర్లాంగు ఉరికి యాడనో పొదల వడి చస్తది. గుండు మాత్రం ఆగదు. అవతల చెట్టుందో, బర్రె ఉందో దానికేం తెలుసు?"

"మనిషుంటే?"

"మనిషున్నా అంతే. అందుకే పందికి గట్టిది ఎయ్యొద్దు అనేది."

"మరి గట్టిది ఎందుకు చేసిండ్రు సార్?"

"అడవిదున్న కోసం! చూసినవా ఎప్పుడన్న? శికారు బంద్ గాకముందు మా బాపు కొట్టిండు. మొదలు మెత్తది ఏసిండు. భుజం బొక్క మీదనే గుండు పిండి పిండయ్యింది, గుండెకాయ దాక పోనే లేదు. దున్న తిరిగి చూసింది. నేను చెట్టు మీదున్న, పద్దెనిమిదేండ్ల పోరన్ని, లాగు తడిసింది. నవ్వకు! రెండోది గట్టిది ఏసిండు బాపు. బొక్క పలగ్గొట్టుకోని అవతలి పక్కటెముకల దాక పోయింది. నాలుగడుగులేసి మోకాళ్ల మీద కూలింది."

"కణుజుకు?"

"అది జింక జాతే గద. మెత్తది, జబ్బ ఎనక. గుడ్డెలుగుకు గూడ మెత్తదే. గని ఎలుగు కొవ్వు, బొచ్చు రంధ్రానికి అడ్డం వడి, నెత్తురు చుక్క కింద రాలదు. జాడ దొరకదు. దెబ్బ తిన్న ఎలుగు ఎనక పోయినోళ్లు అందరు ఇంటికి రాలే. విద్యావతీ! రెండు ఛాయ్!"

"ఉన్నయే రెండు చేతులు. వస్తున్న!"

"నాటు తుపాకి సంగతేంది సార్?"

"అదొక తుపాకేనా? మందు దంచి, ఒట్టి సీసం ముద్ద ఏస్తరు. బొక్కకు తాకితే అప్పడం అయితది. దాని మీదికెందుకు పోయినవు?"

"ఊకెనే. సార్, ఈ గుండు ఏదో జర చూసి చెప్పుండ్రి."

"ఏది, ఇటియ్యి. అద్దాలేడ పెట్టిన... ఆఁ. ఓహో! గట్టిది. త్రీ ఫిఫ్టీన్ సైజు. చూడు, రాగి అంగి ఎట్లున్నదట్లనే ఉంది, కొస జరంత వంకరవోయింది అంతే. పక్కలకు గీతలు కనవడుతున్నయా? రైఫిల్ నాళం లోపలి గీతలు అవి. పాత మాల్ బిడ్డా ఇది, ఇప్పుడు దొరకమన్నా దొరకదు."

"నాటు తుపాకిది కాదు గద?"

"పిచ్చోనివా? నాటు తుపాకికి గీతలుంటయార? వందకు వంద రైఫిల్‌ది. యాడ దొరికింది నీకు?"

"మా నాయిన తొడలకెల్లి తీసిండ్రు సార్. పోయిన బేస్తవారం."

"ఇగో ఛాయ్. పట్టు నాగేందర్. ఏమయ్యింది, ఇద్దరు బెల్లం కొట్టిన రాళ్ల తీరు కూసున్నరు? ఏమండీ, మిమ్మల్నే."

"ఏం లేదు. దుర్గయ్యకు ఆపరేషన్ అయ్యిందట. ఎట్లుండు మీ నాయిన, నాగేందర్? నాకు ఒక్క మాట చెప్పకపోతివి..."

"నాకే చెప్పలే సార్. చీము వట్టి జ్వరమొస్తే దవాఖానకు తీస్కపోయిండ్రంట. దెబ్బ తాకినప్పుడు గుండు నరం పక్కకు ఉంది, తీస్తే కాలు పోతదన్నరు గద. ఇప్పుడు తియ్యకపోతే ప్రాణం పోతదని తీసిండ్రు. నాయినేమో బాయిల పారెయ్యుమన్నడంట. సొంత తమ్ముని గుండు ఇంట్లెందుకని అనుకున్నడేమో. అవ్వ పారెయ్యలే. కొంగుకు ముడేసి దాచి, నిన్న ఊరికి పోతే నా చేతుల పెట్టింది. 'నువ్వు చదువుకున్నోనివి, ఇది మీ చిన్నాయిన దానిలెక్క లేదు, చూడు' అన్నది."

"ఇటు తే మళ్లొకసారి. ఇక్కడ వెలుతురు సక్కగ లేదు. గట్టిదని అన్న గని..."

"వందకు వంద అన్నరు."

"అన్న. అన్న గని, చూడాలె గద. ఒక్కోసారి..."

"ఒక్కోసారి ఏంది సార్? ఇప్పటిదాక పాఠం చెప్పిండ్రు, నేను రాసుకున్న. సదువాల్నా?"

"అరె, గొంతెందుకు లేస్తుంది? నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి ఎవలన్న."

"చెప్తనమ్మా. మూడేండ్ల కింద సార్ మా ఊరి మక్కచేన్ల పందిని కొట్టనీకి వచ్చిండు. మా నాయిన జాడ తీసేటోడు. నాయినకు గుండు తాకింది. పోలీసోళ్లకు సార్ ఏం చెప్పిండు? 'నేను మెత్తది ఏసిన. మెత్తది పందిని దాటదు. ఇది నాది కాదు' అన్నడు. ఇంత పెద్ద షూటర్ చెప్పినంక కాదనేటోడు ఎవడు? ఊర్ల ఇంకో తుపాకి ఎవరికుంది? మా ఈదయ్య చిన్నాయినకు, నాటు తుపాకి. ఆ పొద్దు పక్క చేనుకు కావలి ఉన్నడు. పదకొండు నెలలు జైల్ల ఉన్నడమ్మా."

"తెలుసు బిడ్డా. ఆ పేరెత్తితే ఉమ్ముతుంటివి గద నువ్వు."

"ఉమ్మిన. చిన్నాయిన ఊర్ల ఉండలేక వచ్చి, ఈన్నే అడిక్‌మెట్ల అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ ఉన్నడు. దసరా ముందట సీతాఫలాలు పట్టుకోని మన గేటు కాడికొచ్చిండు, అన్న కొడుకు తింటడని. నేనేం చేసిన? సంచి గుంజుకోని రోడ్డు మీద ఇసిరిన. ఆటోల కింద వడి నలిగినయి. ఒక్క మాట అనలే మనిషి. మంచియి నాలుగు ఏరి గేటు మీద పెట్టి పోయిండు. నేను వాటిని గూడ మోరీలేసిన. ఈ చేతులు ఇరగ!"

"గట్లనకు. ఏమండీ, మీరు మాట్లాడరేం?"

"ఏం మాట్లాడాలె? గట్టివి నా దగ్గర లేనే లేవు. బాపువి ఎప్పుడో అయిపోయినయి."

"లేకపోవుడేంది? మామ ఇనుప పెట్టెల ఉండె గద."

"నీకు తెల్వదు, నువ్వు ఊకో."

"నాకు తెల్వకపోవుడేంది? దసరాకు ఆయుధ పూజల బొట్లు పెట్టేది నేనా మీరా? తుపాకికొకటి, పెట్టెకొకటి, తూటాకొకటి. ఏడుండె అవి. ఏడు బొట్లు పెట్టిన. దాని మరుసటేడు, మూడేండ్ల కింది దసరాకు, ఆరే ఉన్నయి. ఏడోది ఏదంటే ఎలుక ఎత్కపోయిందన్నరు. ఇత్తడి తూటలు తినే ఎలుక చిక్కడపల్లిలనే ఉన్నట్టుందని నేను నవ్విన గూడ. మర్చిపోయిండ్రా?"

"విద్యావతీ, నువ్వు లోపలికి పో."

"ఎందుకు పోవాలె? నా ఇల్లు గాదా ఇది?"

"మా నాయినకు దెబ్బ తాకింది ఏ నెల సార్? భాద్రపదం. ఒక దసరా అయినంక పదకొండు నెలలకు, ఇంకో దసరాకు ముందట. ఏడు ఆరయ్యింది ఆ నడుమనే గద? పందికి గూడ రెండు దిక్కుల రంధ్రాలుండె. నేనే మోసిన. అడిగితే అవతలిది పాత కోర దెబ్బ అన్నరు. మీరు అన్నరని నేను నమ్మిన. రైఫిల్ గుండు నేరుగ తాకితే తొడ ఆపుతదా? పందిల సగం జోరు పోయింది గాబట్టి ఆగింది. ఇది గూడ మీ పాఠమే."

"దుర్గయ్య కాల్చొద్దని ఈల ఎయ్యకముందే లేసిండు నాగేందర్. నేను అటు దిక్కు..."

"మా నాయినా? ముప్పై ఏండ్లు జాడ తీసినోడు ఈల తప్పిండా? నా మొఖం చూసి అనుండ్రి సార్!"

"లేదు. తప్పలే. ఈల నేనే ఇనలే. తొందరవడ్డ."

"గట్టిది ఎందుకేసిండ్రు?"

"మెత్తది ఏస్తే... మెత్తది ఏస్తే జబ్బ అంత ముద్దముద్దయితది. నెత్తురు గడ్డకట్టి కూరకు పనికి రాదు. ఆ పొద్దు హైదర్‌గూడ దోస్తులు ఇద్దరు కార్ల వచ్చి కూసున్నరు. తీస్కపోదామని..."

"కొట్టిన పందిని పాతిపెట్టాలె గద? కాగితం మీద అదే రాసి ఉంటది గద?"

"పాతిపెట్టినం."

"తొడలు కోసుకున్నంక."

"థూ! గందుకా మీరు ఆ పొద్దు మిద్దె మీద పొయ్యి పెట్టిచ్చింది? అక్కడ దుర్గయ్య దవాఖానల ఉంటే ఇక్కడ కూర వండిచ్చిండ్రా? మనిషేనా మీరు?"

"కూర నేను ముట్టలే విద్యావతీ. ఒట్టు. నాకు ముద్ద దిగలే."

"నేను మిమ్మల్ని ఏమనుకున్న సార్? దేవుని పటం పక్కకు మీ ఫోటో పెట్టుకున్న. కిరాయి అడగలే, ఇంట్ల పిల్లగాని తీరు చూసుకుంటిరి. నారాయణగూడల మీరు నాకు బూట్లు కొనిచ్చినప్పుడు నేను గదిలకు పోయి ఏడ్చిన. ఇసువంటి మనిషి ఉంటడా అని. నమ్మిచ్చి గొంతు కోసిండ్రు సార్ మీరు. నా గొంతు కాదు, ఏ పాపం ఎరగని మా చిన్నాయిన గొంతు. నా చేతుల్తోని గూడ కోయిచ్చిండ్రు."

"తప్పయ్యింది బిడ్డా."

"తప్పయ్యిందని నాకెందుకు చెప్తరు? నడువుండ్రి అడిక్‌మెట్‌కు. చిన్నాయిన ముందట నిలవడి 'గుండు నాది' అనుండ్రి. అటెన్క పోలీసోళ్ల కాడ గూడ అనాలె. నాకు ఇంకేం వద్దు మీ దగ్గరికెల్లి."

"వస్త. అంట. నువ్వు ఎక్కడ అనమంటే అక్కడ అంట. గని..."

"గని?"

"మీ నాయినకు ఇప్పుడే చెప్పకు."

"ఎందుకు చెప్పొద్దు? మూడేండ్లు తోడబుట్టినోని మొఖం చూడలే ఆయన. ముందుగాల ఆయనకే చెప్పాలె."

"నా మాట ఇను నాగేందర్. నీ పరీక్ష ఇరవై దినాలుంది. అది అయిపోని. అటెన్క నేనే మీ ఊరికి వస్త."

"నా పరీక్షకు దీనికి ఏం సంబంధం?"

"ఉంది. ఏం లేదు... నువ్వు పరేషాన్ అయితవని అంటున్న. ఫోన్ పక్కకు పెట్టు. విద్యావతీ, వాని చేతులకెల్లి ఆ ఫోన్ తీసుకో!"

"నేనెందుకు తీసుకుంట? చెయ్యి బిడ్డా. స్పీకర్ పెట్టు. ఈయన ముందటనే కానీ."

"వద్దురా. నీ కాల్మొక్త, వద్దు."

"అలో. నాయినా?"

"ఆఁ బిడ్డా. బువ్వ తిన్నవా?"

"నాయినా, కాలు నొస్తుందా?"

"తక్కువయ్యింది తియ్యి. నువ్వు సదువుకో పోయి, ఫోన్లు ఎందుకు?"

"జర ఇను నాయినా. నీ కాలుల గుండు చిన్నాయినది కాదు. చిన్నాయిన ఏం చెయ్యలే. అది కిషన్ రావు సారుది. ఆయన రైఫిల్‌దే. ఇంటున్నవా? నాయినా? అలో?"

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"సారే. నా ముందట్నే ఒప్పుకున్నడు."

"గట్లెట్ల చెప్పిండు? నిన్ను సదివిస్త, నీకు నౌకరి అయ్యేదాక చెప్పనని నా చేతుల చెయ్యేసి ఒట్టు పెట్టిండు గదరా!"