వాన ఆపిన కన్ను

నిన్న పొద్దుమీకి బస్టాండు కాడ మా సిద్దప్ప బావ హోటల్‌ల చాయ్ తాగుకుంట, ఆటో మంజునాథ్‌ను పక్కన కూసోపెట్టుకున్న. నా చంకల చుట్టిన ప్రింటు ఉండె. చూపియ్యమన్నడు. ముందు కథ, ఎనక బొమ్మ అన్న.

మా అక్క నాగమ్మ పెండ్లైన కొత్తల బావతోని ఎడ్లబండి మీద ఝరాసంగం జాతరకు పోయింది. ఇంటికొచ్చి క్యాలెండర్ ఎనక పెన్నుతోని అదంత గీసింది. అక్క పోయి తెల్లారితే ఏడాది. ఆ బొమ్మకు రంగులేసి తెస్తే హోటల్ గోడకు పెడ్తనన్నడు బావ. చిన్నప్పుడు అక్క గోడకు ఎర్ర జాజుమన్నుతోని గీస్తే రంగు రుద్దేది నేనే. గీత దాటితే నెత్తి మీద ఒక్కటి ఏసేది. ఇప్పుడు దాటితే కొట్టనికి అక్క లేదు, మల్ల గీయనికీ లేదు. అందుకే కాగితం ముట్టకుండ స్కాన్ చేసి, నా బిడ్డ పూజిత కంప్యూటర్ ముంగట కూసున్న.

కంప్యూటర్‌ల రంగులేసే లేయర్లంటే ఏందనుకున్నవ్ మంజునాథ్? గాజు పలక మీద గాజు పలక. అన్నిటికి పైన అక్క గీతలు. కింద చేనుకో పలక, ఎడ్లకో పలక, చీరకో పలక, మబ్బుకో పలక. ఒక్కోదాని పక్కన కన్ను బొమ్మ ఉంటది. కన్ను మూస్తే ఆ రంగు మాయమైతది.

ముందుగాల జొన్నచేనుకు పచ్చ రంగేసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటి మేక కిటికీల తలపెట్టి కంప్యూటర్‌ను నాకవట్టింది.

"మేక దేన్నయినా నాకుతది కాకా," అన్నడు మంజునాథ్.

సరే, ఎద్దు సంగతి చెప్పు మరి. కొమ్ములకు ఎరుపు పెట్టంగనే కంప్యూటర్‌ల కెల్లి రంకె ఏసింది. అప్పటికి కరెంటు కూడ లేదు.

పొయ్యి కాడికెల్లి బావ అన్నడు: "మా ఎడ్లు నాగమ్మ పిలిస్తెనే పలుకుతుండె."

నేను ఆగుతనా? మబ్బుకు నలుపు జర ఎక్కువైంది. కోహీర్ ఊర్ల చినుకులు పడ్డయి. ఇంకింత రుద్దిన, మొగుడంపల్లి వాగు పొంగింది. విరూపాక్షన్నా, జర ఆపు, పంట పోతదని ఒకటే ఫోన్లు. మబ్బు పలక ఏదో ఎతికేంత టైం లేదు, అక్క గీతలది ఇడిసి రంగుల కండ్లన్ని టపటప మూసిన. వాన ఖతం. ఎండ కాసింది. గట్లనే పోయి ప్రింటు తీయించుకొని, చుట్టుకొని వచ్చిన.

"వాన ఆపినవ్, మంచిదే," అన్నడు మంజునాథ్. "ప్రింటుకు ముందు కండ్లు మల్ల తెరిచినవా కాకా?"

అసలైతే రంగులు లేకుండ అక్క గీత ఎట్లుందో ఒక్కసారి చూద్దామని మూసినయి ఆ కండ్లు. తెరిచిన యాది లేదు.

అప్పటికే బావ చేతులు తుడుచుకొని ప్రింటు విప్పిండు. పచ్చ లేదు, ఎరుపు లేదు. తెల్ల కాగితం మీద ఉత్త పెన్ను గీతలు.

ఫికర్ చెయ్యకు బావా, ఇప్పుడే పోయి కండ్లు తెరిచి మల్ల తెస్త అన్న. ఏడాది కార్యానికల్ల అందియ్యాలె.

బావ బొమ్మల బండిల కూసున్న అక్క కొంగు మీద ఏలు పెట్టి, కొసదాక మెల్లగ జరిపిండు.

"వద్దు. గిట్లనే ఉండనీ. చీర రంగు నాకు యాదుంది."

స్టూలు ఎక్కి గోడకు మేకు కొట్టుకుంటనే మల్ల అన్నడు:

"నువ్వయితే ఆ కండ్లు తెరవకు బామ్మర్దీ. మిద్దె మీద మిరపకాయలు ఎండవోసిన."