రెండేపులా వినే మైకు

నొక్కీసినావేటి? ఎర్ర లైటు ఎలిగిందా? సర్లే. మీ అమ్మ కాంతం పంపిందని వచ్చినావు గానీ లీలా, నీ కాలేజీకి మా ముసిలోల్ల ముచ్చట్లెందుకో నాకు తెల్దు. దీనికి మైకేదీ? ఆ చిల్లులేనా? అయితే ఉత్త టేబుల్ మీద పెట్టకు, కింద తువ్వాలు వెయ్యి. లేకపోతే లోపల చక్రం తిరిగిన గరగరంతా ఎక్కేత్తాది. ఇది కండెన్సరు జాతి. బేటరీ సెల్లు ఉంటేనే పని చేత్తాది, చూడ్డానికి సెనగ్గింజంత, కానీ పక్కింటి కుక్కర్ ఈల కూడా వదల్దు. సభల్లో చేత్తో పట్టుకునీది డైనమిక్కు. దానికి మొహమాటం లేదు, కింద పడేసినా లేచి డ్యూటీ చేత్తాది, నోటి దగ్గిరెట్టి మాటాడితేనే ఇంటాది. ఇదంతా నాకేటి తెలుసు, ఆదిబాబు చెప్పిందే. ఆడు పోయి పదేళ్లు దాటిపోనాది. నువ్వు చూసుండవు.

భుయ్యాడీహ్‌లో కంపెనీ పనోల్ల బస్తీలో మా గోడా ఆదిబాబోల్ల గోడా ఒకటే. ఉక్కు కంపెనీ రోలింగ్ మిల్లులో ఇద్దరికీ పని. దుర్గాపూజకి, మన తెలుగు సంఘం సభలకి మైకు సెట్టు ఆడే కట్టీవోడు. కలకత్తా పాత సామాన్ల బజార్లో ఒక మైకు తెచ్చుకున్నాడు, రిబ్బన్ మైకు. లోపల మిఠాయి మీద వెండిరేకు అంటిత్తారే, అంత పల్చటి రేకు. ఊదితే చిరిగిపోద్ది. మనోల్లు మైకు కనబడితే ఊరుకుంటారా? ఫూ ఫూ అని ఊదీడమే. అందుకని ఎవడైనా దగ్గిరకొత్తే ఆదిబాబు చెయ్యి అడ్డెట్టీసీవోడు. 'అరే భాయ్, ఫూంక్ మత్ మారో, మర్ జాయేగా' అనీవోడు, ఊదకు, సచ్చిపోద్దని, పసిపిల్లని కాసినట్టు. దానికింకో గుణముంది. ముందూ ఎనకా రెండేపులా ఇంటాది. పక్కలు మాత్రం చెవుడు. సాయం చేసీవోడు ఎప్పుడూ పక్కనే కూకోవాల, ఎనక్కి ఎల్లకూడదు. నాకు అది నూరుసార్లు చెప్పుంటాడు. తిట్టీవోడు కూడాను.

మిల్లులో పనిచేసినోడి చెవులు ఎన్నాల్లుంటాయి? ఒకరోజు డ్యూటీ నుంచి సైకిల్ నడిపించుకుంటా వత్తన్నాం, ఆగిపోయేడు. 'ఒరే అసిరీ, సైరను ఇనబడతాదిరా. నూకాలు గాజులు ఇనబడతం లేదు' అన్నాడు. నూకాలంటే ఆడి పెళ్లాం, నూకాలమ్మ. బాగా పాడీది. తిరగలి పాటలు, పెళ్లి పాటలు, మా సికాకులం ఏపువి. డాక్టరు ఇంక లాభం లేదన్నాడంట. 'పూర్తిగా పోకముందే దాని పాట టేపు చేసుకోవాల. పెద్ద సౌండు పెట్టి చెవికి ఆనించుకుంటే ఇంకో నాలుగేళ్లు ఇంటాను కదా' అన్నాడు.

డెబ్బయ్యారో, ఏడో. ఒక ఆదివారం మద్యాన్నం పెట్టుకున్నాం. తలుపులకి బొంతలు కట్టీసినాడు. ఫ్యాను ఆపీసి, పొయ్యి ఆర్పించీసి, కంపెనీ సైరను అయ్యీదాకా ఆగేం. మైకు నడిమిన. దాని ముందు నూకాలమ్మ, పక్కన నాను. ఈడేటి చేసినాడు? ఎల్లి సరిగ్గా ఎనక కూకున్నాడు. నాను చెయ్యూపేను, అక్కడ కాదురా అని. 'నాకు తెల్దేటి, నువ్వు నోరు ముయ్యి' అన్నట్టు చూసేడు. ఆవిడ ఎత్తుకుంది. నాలుగు పాటలు. రెండో పాట నుంచి ఈడు ఎనక కూనిరాగం. శృతీ లేదు పాడూ లేదు. మద్దిలో ఒక దగ్గు. అయిపోయాక కేసెట్టు తీసి, వీపున రెండు రెక్కలుంటాయి చూడు, అవి ఇరగ్గొట్టీసినాడు. ఇరిగితే ఇంక దాని మీద మరోటి ఎక్కదు.

సంఘం సభలో ఆ పాటలు ఏద్దామని కేసెట్టు నాను అడిగి పట్టుకెల్లేను. సెక్రటరీ రంగనాథ్ గారని, టెల్కో కాలనీలో ఇంజనీరు. ఇన్నారు. 'అసిరయ్య గారూ, గొంతు బాగుందండీ, కానీ వెనకాల ఎవరో మూలుగుతున్నారు. సభలో వేయలేం' అన్నారు. నాను ఊరుకోవచ్చు కదా. 'ఆడికి చెవులు పోనాయండి, ఇంక ఆడితో మైకు పని అవదు' అన్నాను. అబద్ధం కాదు. కానీ అనక్కర్లేదు. ఆ రోజు నుంచి సంఘం మైకు సెట్టు నాకిచ్చీసినారు. ఆదిబాబు 'నా కేసెట్టు ఇచ్చీరా' అన్నాడంతే. రేపు, ఎల్లుండి అన్నాను. ఉగాదికి ఉపన్యాసాలు రికార్డు చెయ్యాల, సమయానికి కొత్త కేసెట్టు లేదు. ఆ రెక్కల చిల్లుల మీద కాగితం ముక్క అంటించీసినాను. అంటిత్తే మళ్లీ ఎక్కుద్ది, ఆ పాటల మీదే ఉపన్యాసాలు ఎక్కీసినాయి. అదీ ఆడు నేర్పిందే.

ఆ ఏడు చలికాలంలోనే ఆడు పోయేడు, గుండాగి. పన్నెండో రోజు అయ్యాక నూకాలమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. 'అన్నియ్యా, ఆ కేసెట్టు ఒకపాలి ఇయ్యి. నా పాట నాకెందుకు. ఎనక ఆయనున్నాడు. ఆయనే ఆ రోజు నాతో, ఊరందరి గొంతూ టేపు చేసినాను, నా గొంతు ఎక్కడా లేదు, నీ ఎనక కూకుంటాను నూకాలూ, ఈ మైకు ఇద్దరినీ ఇంటాదని అన్నాడు' అంది. ఆడు ఎనక కూకోడం చెవిటోడి పొరపాటని ఊరంతా చెప్పినోడిని నాను. మిషను టేపు నమిలీసిందమ్మా అన్నాను. ఆవిడ 'సర్లే అన్నియ్యా, మిషను చేసినదానికి నువ్వేటి చేత్తావు' అంది. ఇంటికొచ్చినందుకు మా ఇంటిది టీ ఇత్తే తాగి, గ్లాసు కడిగి పెట్టి మరీ ఎల్లింది. తిట్టినా బాగుండీది.

నీ కేసెట్టుకీ రెక్కలున్నాయా? ఉండే ఉంటాయిలే, లేకపోతే నా మాట ఎక్కదు కదా. ఇంటికెల్లాక ఇరగ్గొట్టీ. ఇరగ్గొట్టినా ఏటిలే, నాలాటోడు కాగితం అంటించీగల్డు. ఎవరికీ ఇవ్వకు, అంతే. ఆపీ ఇంక. సిద్ధగోరా దాకా ఎల్లాల కదా నువ్వు, బస్సుందా ఈ యాలప్పుడు?