స్క్రూలు లేని మూత

భోజనాల బల్ల దగ్గర కూర్చున్న తల్లి, పిల్లలిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె చెవి మిషను కొడుకు చేతిలో ఉంది. కూతురు గుమ్మంలో నిలబడింది.

“బ్యాటరీ పోయిందక్కా, అంతే. మార్చేస్తే మళ్లీ పనిచేస్తుంది.”

“మార్చెయ్యి మరి. మీ కంపెనీదేగా, పైగా ఇంజనీరువి!”

“ఎలా మార్చను? ఒక్క స్క్రూ లేదు. మూత జిగురుతో అతికించేశారు. కత్తి పెడితే పగిలి ఊరుకుంటుంది.”

“కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంట్రా? కాసేపు కూర్చో.”

“జనాన్ననాలి! సన్నగా ఉందా, రంగు బాగుందా అని చూస్తారే తప్ప, పాడైతే ఎలా విప్పాలని ఒక్కడూ అడగడు. ఇక ప్రభుత్వమా, గుర్రుపెట్టి నిద్రపోతోంది. విప్పడానికి వీల్లేని వస్తువు అమ్మకూడదని ఒక్క రూలు పెట్టలేరా?”

“పెడదామనే కదా పోయినేడు కంపెనీలవాళ్లని పిలిచారు? మీ తరఫున వెళ్లింది నువ్వేగా?”

“వెళ్లాను.”

“ఏం చెప్పొచ్చావ్?”

“జనం విప్పితే ప్రమాదం, జిగురే మంచిదని రాసి సంతకం పెట్టా. రూలు అటకెక్కింది.”

“నిజంగా ప్రమాదమా?”

“స్క్రూలు పెడితే మందం ఒక్క మిల్లీమీటరు పెరుగుతుందక్కా. అంతే.”

“ఏమైందని అమ్మ ఇందాకట్నుంచి సైగ చేస్తోంది. చెప్పు.”

“ఎలా చెప్పను? తనకి వినపడదుగా!”

“కాగితం తెస్తానుండు. అక్కడ రాసిందే ఇక్కడా పెద్ద అక్షరాలతో రాయి. కింద సంతకం మర్చిపోకు.”